రాణి బండి చప్పుడు

ఆగస్టు తొమ్మిది, శుక్రవారం. ఆ రాత్రి తిన్నది దోసకాయ పప్పు, పచ్చిపులుసు, పెనం మీంచి నేరుగా కంచంలోకి జారిన కోడిగుడ్డట్టు. ఎన్నో ఏళ్ల కిందటి అన్నం శశిధర్‌కు ఇంత వివరంగా గుర్తుండటానికి కారణం రుచి కాదు, చప్పుడు. ఆ రోజే అతని భార్య నాగరాణి తన పాత కారు ఎస్టీమ్‌కు పెద్ద ఇంజను వేయించి, వెనక సైలెన్సర్ పీకించేసి, దాని బదులు ఉత్త పైపు బిగించుకుని కోదాడలో ఇంటికొచ్చింది. బైపాసు మలుపు దగ్గర మొదలైన ఆ ఉరుము వీధంతా నిండి గేటు ముందుకొచ్చి ఆగింది. ఆపే ముందు యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలింది రాణి. ఏ లారీ ఇంట్లోకి వస్తోందోనని శశిధర్ పేపరు పడేసి వాకిట్లోకి ఉరికాడు. "ఇదేం పని రాణీ, వీధిలో వాళ్లు ఏమనుకుంటారు?" అంటే, "వీధోళ్లకు కాదు లెక్చరర్ సాబ్, అమ్మకు చెప్తున్న, వచ్చిన అని" అంది నవ్వుతూ. లోపల లక్ష్మీకాంతమ్మ అప్పటికే పెనం పొయ్యి మీద పెట్టేసింది. "ఇగ మంచిగైంది. మలుపు తిరిగిందంటే నాకు ఈడికి ఇనపడతది. బిడ్డ కాళ్లు కడుక్కునేసరికి అట్టు ఉడుకుడుకుగ ఉంటది" అంది, కూతురు ఇంటికి కాలింగ్ బెల్లు కొని తెచ్చినంత సంబరంగా. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు రాణి. ఏ పూట ఏ శాంపిల్ తేడా వస్తుందో, ఎప్పుడు బయటపడుతుందో ఆమెకే తెలియదు. ఆ చప్పుడు వచ్చిన తర్వాత ఆ ఇంట్లో అట్టు ఎప్పుడూ చల్లారలేదు.

ఇప్పుడు అదే బండి మిర్యాలగూడ రైసు మిల్లులు దాటి హుజూర్‌నగర్ రోడ్డు ఎక్కింది. పొద్దు వాలుతోంది. ఊక కాలిన వాసన ఇంకా కారులోనే ఉంది. శశిధర్ అద్దాలన్నీ దించి, రేడియో ఆపేసి, పరీక్ష హాల్లో వెనక బెంచీల గుసగుస పట్టుకోవడానికి నిలబడ్డట్టు ఒళ్లంతా చెవి చేసుకుని నడుపుతున్నాడు. ముప్పై మీద చప్పుడు లేదు. నలభై మీద లేదు. ఎదురుగా వచ్చే బైకుల చప్పుడు కూడా తన బండి చప్పుడు కన్నా పెద్దగా వినిపిస్తుంటే గుండెల్లో ఏదో సన్నగా లేచింది, ఆశ అనొచ్చేమో. యాభై దాటాక మళ్లీ మొదలైంది. వెనక సీటు కింద నుంచి, ఎవరో ఉత్త డ్రమ్ములో మూతి పెట్టి 'ఊఁ' అంటున్నట్టు. పళ్లలోకి వచ్చే చప్పుడు. అరవై దాటితే పోతోంది, తగ్గిస్తే వస్తోంది. ఛ. మూడు ఊళ్లు, ఇంతమంది మెకానిక్కులు, ఇన్ని డబ్బాలు, ఇన్ని వెల్డింగులు, చివరికి మిగిలింది ఈ 'ఊఁ'. స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. హారన్ మోగింది. తన మీద తనకే చిరాకేసింది.

యాభై మీద పోకుండా ఉంటే సరి. కోదాడ దాకా నలభై మీదే పోతే ఎవడు కాదంటాడు? అసలు తనకు చప్పుడుతో పేచీ ఏముంది. సూర్యాపేట కాలేజీకి ఇదే బండి మీద రోజూ వెళ్లొస్తాడు, స్టాఫ్ రూములో వాళ్లు "కామర్సు సార్ రాకెట్ దిగింది" అని నవ్వుతారు, ట్రాఫిక్ పోలీసులు ఫొటో తీసి చలానా పంపిస్తారు, అవన్నీ ఒక లెక్కా? లెక్క అత్తయ్యది. రాణి మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే లక్ష్మీకాంతమ్మకు మతిమరుపు పట్టుకుంది. మొదట కళ్లద్దాలు, తర్వాత వారాలు, తర్వాత చుట్టాల పేర్లు. చివరికి బిడ్డ చావు కూడా. ఏది పోయినా ఆ చప్పుడు మాత్రం పోలేదు. శశిధర్ బండి మలుపు తిరిగితే చాలు, ఆమె చకచకా గుడ్డు కొట్టి, పెనం పెట్టి, గేటు దగ్గరికి నడిచొచ్చి నిలబడుతుంది. డ్రైవరు సీటులోంచి అల్లుడు దిగుతాడు. ఆమె అతన్ని దాటి కార్లోకి చూస్తుంది. "అమ్మాయేది నాయనా?" అంటుంది.

అక్కడే ఉంది కష్టమంతా. అతను అబద్ధం ఆడడు. ఆడలేడు అనడం నిజం. ఇన్నేళ్లు పిల్లలకు ఆడిటింగ్ చెప్పినవాడు, ఆ పెద్దావిడకు తప్పుడు జమ చూపించడం అవమానం అనుకున్నాడు. చేయి పట్టుకుని, మెల్లగా, వీలైనంత మెత్తగా చెబుతాడు, రాణి పోయింది అత్తయ్యా అని. ఎంత మెత్తగా చెప్తే మాత్రం ఏముంది, అతనికి అది వందోసారి, ఆమెకు ప్రతిసారీ మొదటిసారి. గేటు పట్టుకుని కూలబడిపోతుంది. లోపల అట్టు మాడిన వాసన. ఏడ్చి ఏడ్చి అలసి నిద్రపోతుంది, తెల్లారేసరికి అంతా తుడిచిపెట్టుకుపోతుంది, సాయంత్రం మళ్లీ చప్పుడు, మళ్లీ గుడ్డు, మళ్లీ గేటు. ఒక రోజైతే గేటు కూడా దాటి రోడ్డు మీదికొచ్చింది. ఆటో వాడు ఆమె చీర అంచు దగ్గర బ్రేకు వేశాడు. తిట్టలేదు. దిగి, ఆమెను పట్టుకుని గేటు లోపల దిగబెట్టి వెళ్లాడు. పేరైనా అడగలేదు తను. ఆ రోజే అనుకున్నాడు, ఈ బండి నోరు మూయించాలి అని. అమ్మేద్దామంటే కాగితాల్లో ఒక ఇంజను, కారులో ఒక ఇంజను, ఎవడు కొంటాడు? పాత ఇంజను తిరిగి పెట్టిద్దామంటే అది ఎప్పుడో తుక్కులో కలిసిపోయింది. కొన్నాళ్లు పెట్రోలు బంకు దగ్గర ఆపి నడిచొచ్చాడు. వానాకాలం వచ్చింది, ఆమెను దవాఖానకు తీసుకెళ్లాల్సి వచ్చింది, ఆ నడక ఎన్నాళ్లు సాగుతుంది? ఇంకా అమ్మకపోవడానికి అసలు కారణం కాగితాలు కాదు. సీటు ఇప్పటికీ రాణి జరుపుకున్నంత ముందుకే ఉంది. మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతుంటాయి. అలాగే నడుపుతాడు.

అందుకే సైలెన్సర్లు. సూర్యాపేటలో మొదటాయన గాజు ఉన్ని కుక్కిన డబ్బా ఒకటి బిగించి "ఇగ పిల్లి నడిచినట్టే సార్" అన్నాడు. నెల తిరిగేసరికి ఆ ఉన్నంతా వేడికి కాలి, పైపు నోట్లోంచి దూదిలా రాలిపోయి, పిల్లి కాస్తా పులయింది. కోదాడలో రెండోవాడు ఒకదాని వెనక ఒకటి రెండు సైలెన్సర్లు తగిలించాడు. చప్పుడు తగ్గింది, నిజమే, దాంతో పాటు బండికి ఊపిరి కూడా తగ్గింది. మునగాల దగ్గర ఆవిరి కక్కి నిలబడిపోయింది. మళ్లీ పీకించాడు. ఈ రోజు మిర్యాలగూడలో పాండు. పొద్దుటి నుంచి బండి తయారయ్యేదాకా శశిధర్ వాడి షెడ్డులో, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పాండు కారు కింద నుంచే మాట్లాడతాడు, కాళ్లు మాత్రం కనిపిస్తాయి.

"మా కాడికి పోరగాండ్లు వస్తరు సార్, సప్పుడు పెంచుమని. తగ్గియ్యమని ఊళ్లు తిరిగే మొగోన్ని మిమ్ములనే సూస్తున్న. ఏంది, ఇంట్ల మేడం గిట్ల కోపం జేస్తుందా?"

"మేడం బండే ఇది" అన్నాడు శశిధర్.

"ఆఁ, గదీ సంగతి. భయమైతే ఉండాలె" అని కింద నుంచి నవ్వాడు పాండు. నవ్వనీ. తెలియకుండా నవ్వేవాడి నవ్వు గుచ్చుకోదు. ఇంజను నుంచి వచ్చే పైపుకు మోత మింగే రెసొనేటర్ డబ్బా ఒకటి, చివర ఒక సైలెన్సర్, రెంటికీ మధ్య పక్కకు చిన్న గొట్టం ఒకటి వెల్డింగు చేశాడు. దాని చివర మూసేసి ఉంది. గాలి బయటికి పోయే దారే లేదు. మరి ఇదెందుకని అడిగితే, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "సప్పుడు దీంట్లకు ఉరుకుతది సార్. మూతి మూసుంటది గద, తగిలి ఎన్కకొస్తది. ఎన్కకొచ్చేటిది, ఎదురొచ్చేటిది రెండూ కొట్లాడుకుంటయి."

"ఏది గెలుస్తుంది?"

"ఏదీ గెల్వదు. రెండూ సస్తయి. గందుకే సైలెంటు."

ఆ మాట అప్పటి నుంచి తలలో తిరుగుతూనే ఉంది. లోపలికి వెళ్లి, మూసిన గోడకు తగిలి, వెనక్కి వచ్చి, మళ్లీ వచ్చేదాన్ని చంపడం. తను రోజూ గేటు దగ్గర చేస్తున్నదీ అదే కదా. ఆమె లోపలి నుంచి ఒక ఆశ ఉరికి వస్తుంది, తన నిజం దానికి ఎదురు వెళ్తుంది. ఛ, ఏమిటీ ఆలోచనలు. ముందు రోడ్డు చూడు. ముందర గొర్రెలు. రోడ్డు నిండా గొర్రెలు.

బ్రేకు తొక్కాడు. మందలో ఒక్కటి కూడా తల తిప్పలేదు. మామూలుగా ఈ బండి అల్లంత దూరంలో ఉండగానే మందలు చెదిరి గట్టెక్కేవి, గొర్రెల కాపర్లు తిట్టేవాళ్లు, తను చేయెత్తి క్షమించమనేవాడు. ఇప్పుడు ఒక గొర్రె బంపరుకు ఒళ్లు రాసుకుంటూ నింపాదిగా పోతోంది. గొంగడి భుజాన వేసుకున్న ముసలాయన వెనక్కి తిరిగి, అంత దగ్గర కారు చూసి అదిరిపడ్డాడు.

"ఏంది సారూ! సప్పుడు లేకుంట మీదికొస్తివి? జర ఆరనన్నా కొట్టరాదూ!"

"చూసి ఆపాను కదా తాతా."

"నువ్వు సూస్తివి. నాకెట్ల ఎరుకైతది? వచ్చేటోడు వస్తున్నా అని చెప్పాలె గద." కర్రతో గొర్రెలను అటు ఇటు అదిలించి దారి చేశాడు. పోతూ పోతూ, కోపం మిగలని గొంతుతో, "పో పో, ముందట పిల్లలున్నయి, మెల్లగ పో" అన్నాడు. శశిధర్ మెల్లగా పోయాడు. గట్టు మీద రెండు గొర్రెపిల్లలు తల్లి కింద దూరి తోకలు ఆడిస్తున్నాయి. అంత చిరాకులోనూ చూడబుద్ధయింది.

హుజూర్‌నగర్ దాటాక చీకటి పడింది. వెనక సిమెంటు లారీ వాడు దగ్గరికొచ్చి, అద్దంలో తన మొహం మీద పడ్డ లైటు దించాడు. అదొక దయ. ఒకప్పుడు ఇలాంటి లారీల మధ్యనే రాణి ఈ బండి నడిపేది. ఒకసారి పక్కన కూర్చుని, ఎందుకమ్మా ఈ మోత, తల పగిలిపోతోంది అంటే ఆమె చెప్పింది, పగలంతా ఫ్యాక్టరీ మిల్లు మోతలో నిలబడితే చెవిలో ఏమీ మిగలదు, ఇంటికి పోతున్నానని నమ్మకం కుదరాలంటే నాది అని ఒక చప్పుడు ఉండాలి అని. అప్పుడు నవ్వాడు. ఆ మోతలోనే గొంతు పెంచి, అరిచి అరిచి కబుర్లు చెప్పుకునేవాళ్లు. చిన్న చిన్న విషయాలు, ఉల్లిగడ్డల ధర, ప్రిన్సిపాల్ విగ్గు. ఇప్పుడు ఈ కారులో గుసగుసగా మాట్లాడినా వినిపిస్తుంది. మాట్లాడటానికి ఎవరూ లేరు. వేగం తెలియకుండానే యాభై దాటింది, 'ఊఁ' మొదలైంది. ఈసారి కాలు వెంటనే తీయలేదు. చిలుకూరు ఊరి లైట్లు వచ్చే దాకా దాన్ని అలాగే ఉండనిచ్చాడు. తర్వాత తీశాడు.

కోదాడ. బైపాసు మలుపు. ఇక్కడి నుంచే అసలు పరీక్ష. కాలు పెడల్ మీద ఆనీ ఆననట్టు పెట్టి, వీధిలోకి తిప్పాడు. అరుగు మీద పడుకున్న కుక్క చెవి కూడా కదిలించలేదు. గేటు దగ్గర ఎవరూ లేరు. ఎవరూ లేరు! ఇంజను ఆపి, ఒక్క క్షణం స్టీరింగుకు నుదురు ఆనించాడు. పాండూ, నీ చేతులు చల్లగుండ. మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న ఎదురింటి శాంతకుమారి, అతను వచ్చేదాకా అత్తయ్యను కనిపెట్టుకుని ఉండే మనిషి, తల ఎత్తి గుండె మీద చేయి వేసుకుంది.

"అమ్మో, ఎప్పుడొచ్చినవన్నా? బండి ఏడ పెట్టొచ్చినవ్?"

"ఇదుగో, నీ ముందే ఉంది."

"అరె! ఇగ మా ఇంట్ల టీవీ ఇనపడతది పో" అని నవ్వి, "అమ్మ లోపలే ఉంది, సల్లగ కూసుంది" అని చెప్పి రోడ్డు దాటి వెళ్లింది.

లక్ష్మీకాంతమ్మ హాల్లో, తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. చీర నలగలేదు, కళ్లలో తడి లేదు. అల్లుణ్ని చూసి నవ్వింది. "వచ్చినవా నాయనా, అన్నం గిన్నెలున్నది." ఎన్నాళ్లయింది ఆ మొహాన్ని సాయంత్రం పూట ఇలా చూసి. కాళ్లు కడుక్కుని, పప్పు కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నెగ్గాను అనుకున్నాడు. కంచం కడిగి, ఆమె మంచం మీద దుప్పటి దులిపి, "పడుకుందాం రండి అత్తయ్యా" అన్నాడు.

"నువ్వు పడుకో. నేను కూసుంట." ఆమె ఒళ్లో గిన్నె ఉంది. గిన్నె మీద మూత ఉంది. "అమ్మాయి బండి సప్పుడు ఇంకా రాలే."

మూత తీసి చూపించింది. కొట్టి, ఉల్లిపాయ కలిపి పెట్టిన గుడ్డు. నురగ ఎప్పుడో చచ్చిపోయింది.

శశిధర్ మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. ఇంతకాలం అనుకున్నది ఏమిటి? ఆ చప్పుడు వచ్చి ఆమెను లేపుతోందని. కాదు. ఆమె ఎప్పుడూ లేచే ఉంది. సాయంత్రమయ్యే సరికి గుడ్డు కొట్టుకుని కూర్చునే ఉంటోంది, చప్పుడు వచ్చి ఆ ఎదురుచూపు ముగించేది. ముగింపు ఎంత ఘోరంగా ఉన్నా సరే, ముగిసేది, ఏడ్చేది, పడుకునేది. ఇప్పుడు దాన్ని కూడా తను వెల్డింగు పెట్టి మూసేసి వచ్చాడు. ఎంత తెలివి! ఇంత చదివి, ఇన్ని ఊళ్లు తిరిగి, ఆ ముసలి ప్రాణానికి తను కొనితెచ్చింది తెల్లవార్లూ సాగే ఎదురుచూపు. "జర సూడు నాయనా, ల్యాబుల గిట్ల ఆలస్యమైందో ఏమో. తలుపెయ్యకు" అంది ఆమె. చెప్పడానికి నోరు తెరిచాడు, రోజూ చెప్పేదే. ఆమె చేతుల్లో ఆ గిన్నె. లేచి, వంటింటి అలమర కింద నుంచి పానాలు తీసుకుని బయటికి నడిచాడు.

గేటు ముందర వాలుగా పోసిన సిమెంటు మీదికి ఒక పక్క చక్రాలు ఎక్కించి, చేతి బ్రేకు వేసి, పాత గోనె పరుచుకుని కిందికి దూరాడు. లైటు వేసిన ఫోను పక్కన ఆనించి పెట్టుకున్నాడు. రెసొనేటర్ ముందర జాయింటు. రెండు బోల్టులు ఇప్పితే మొత్తం ఊడొస్తుంది సార్, ఎప్పుడన్నా కడగాలంటే అని చెప్పాడు పాండు. పైపు ఇంకా పూర్తిగా చల్లారలేదు. మణికట్టు తగిలి చురుక్కుమంది. కొత్త బోల్టులు, మొండికేశాయి. తిట్టాడు. ఎవరిని తిట్టాడో తెలియదు, పాండునో, గాజు ఉన్నినో, మూడు రోజుల జ్వరాన్నో. ఇంత కష్టపడి పెట్టించింది పూట గడవకుండానే తన చేత్తో విప్పుతున్నాడు, ఏ మెకానిక్కు చూసినా కడుపుబ్బ నవ్వుతాడు. రెండోది కదిలింది. పైపు వదులై ఒక వేలు సందు ఇచ్చింది. బయటికి వచ్చి, మోకాళ్లు దులుపుకోకుండానే సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఉరుము. వీధంతా ఉరుము. కుక్క లేచి మొరిగింది. ఎదురింట్లో లైటు వెలిగింది, కిటికీలో శాంతకుమారి నిలబడి ఒక్క క్షణం చూసింది, లైటు ఆరిపోయింది. శశిధర్ కాలు పెడల్ మీద పెట్టి ఆగాడు. ఇన్నేళ్లలో తను ఎప్పుడూ చేయనిది. ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలాడు.

లోపలికి వచ్చేసరికి వంటింట్లో నూనె చిటపటమంటోంది. ఆమె వీపు ఇటే ఉంది.

"వచ్చిందా నాయనా?"

"వచ్చింది అత్తయ్యా."

అంత తేలిగ్గా వచ్చిన మాటకు అతనే ఉలిక్కిపడ్డాడు. ఆమె తిరిగి అతని భుజాల వెనక వెతికింది. "ఏది మరి?"

"బాగా అలసిపోయింది. వస్తూనే లోపలికి పోయి పడుకుంది."

"తినకుంటనే?"

"క్యాంటీన్లో తిన్నదట."

"పిచ్చిది. పొద్దంత నిలబడి కాళ్లు గుంజుతయి దానికి" అంది లక్ష్మీకాంతమ్మ. పెనం వంచి, అట్టును కంచంలోకి జార్చి అతని చేతికిచ్చింది. "నువ్వన్న తిను, సల్లారితే బాగుండదు." అతను నిలబడే తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కాలిన మణికట్టు మండుతోంది. అట్టు ఉడుకుడుకుగా ఉంది.

ఆమె గోడ పట్టుకుంటూ రాణి గది వైపు నడిచింది. రాణి పోయాక అందులో ఎవరూ పడుకోవడం లేదు, అతను హాల్లోనే మంచం వేసుకుంటాడు. శశిధర్ నములుతున్నవాడు ఆగిపోయాడు. లైటు వేస్తే? పరుపు తడిమితే? ఆమె గడపలో నిలబడి చీకట్లోకి చూసింది. చెవి అటు పెట్టి విన్నది. "ఫ్యానన్న ఏసుకోలే సూడు" అని లోగొంతుతో అనుకుని, చేయి లోపలికి చాపి స్విచ్చు వేసింది. ఫ్యాను మెల్లగా అందుకుంది. తర్వాత తలుపును రెండు చేతులతో దగ్గరికి లాగి, గడియ టక్కుమనకుండా సందులో బొటనవేలు అడ్డం పెట్టి, వేలు మెల్లమెల్లగా తీసుకుంటూ, చప్పుడు కాకుండా మూసింది.